పునాది దినములు – సంఘము చేయదగిన పని

(శతవత్సర మహోత్సవముల సందర్భమున సంఘ ప్రతినిధుల సభలో చేసిన ప్రసంగము)



నూరేండ్లు మనలను నడిపించిన దేవుని స్తుతించుటకు కూడియున్నాము. తాటాకు పాకలలో బుడ్డిదీపము వెలుగున అక్షరములు దిద్దించిన ఉపదేశులను, కాలినడకన పల్లెపల్లెకు పోయిన బైబిలు స్త్రీలను, పురుళ్లు పోసిన మిషను ఆసుపత్రుల నర్సులను జ్ఞాపకము చేసికొనుచున్నాము. వారి చేతులలో పెరిగిన పిల్లల మనుమలము, మునిమనుమలము మనము. ఇప్పుడు కృతజ్ఞతార్పణలను దేనికి వినియోగించవలెనని అనేక పాస్టరేట్లలో చర్చ జరుగుచున్నది. స్వాగత ద్వారమని కొందరు, కల్యాణ మంటపమని కొందరు అనుచున్నారు. వాటిని వలదనుట మా ఉద్దేశము కాదు. అయితే అందులో ఒక భాగమును మూడేండ్లలోపు బిడ్డల కొరకు ప్రత్యేకింపుడని ఈ సభవారిని వేడుకొనుచున్నాము.

మూడేండ్లలోపే ఎందుకు? తల్లి గర్భములో సుమారు 270 దినములు, తరువాత రెండేండ్లు, వెరసి 1000 దినములు. బిడ్డ ఎముక, రక్తము, మెదడు అన్నిటికంటె త్వరగా కట్టబడు కాలమిది. రెండవ ఏడు నిండునప్పటికే బిడ్డ మెదడు పెద్దవారి మెదడు పరిమాణములో ఇంచుమించు 80 శాతమునకు చేరును. పునాదిలో తగ్గిన సున్నమును పైకప్పులో వేసి సరిచేయలేము గదా!

మన చుట్టుపట్ల స్థితి ఎట్లున్నది? 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము అయిదేండ్లలోపు పిల్లలలో వయసుకు తగిన ఎత్తు లేక గిడసబారినవారు ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతము, తెలంగాణలో 33 శాతము. అనగా దాదాపు ముగ్గురిలో ఒకరు. ఈ బిడ్డలు చూచుటకు జబ్బుపడినట్లు ఉండరు. "వాడు పొట్టివాడు, వాళ్ల నాన్న పోలిక" అని మనము సరిపెట్టుకొందుము. కాబట్టి కొలిచి చూచువరకు ఈ లోటు కనబడదు.

హన్నా యేటేట సమూయేలునకు చిన్న అంగీ కుట్టి తీసికొని వచ్చెనని ఎరుగుదుము. ప్రతి సంవత్సరము బిడ్డ ఎంత పెరిగెనో తెలియనిదే అంగీ ఎట్లు కుట్టగలదు? ఆమె ప్రేమకు కొలత తెలిసియున్నది. నెహెమ్యా కూడ యెరూషలేము గోడ కట్టుటకు ముందు రాత్రివేళ లేచి, ఎక్కడెక్కడ కూలినదో తిరిగి చూచి వచ్చెను. మన ప్రేమ కూడ అట్టిదై యుండవలెను. చూచుట, కొలుచుట, ఇదివరకే ఫలించిన మార్గమును ఎన్నుకొనుట, ఫలితమును మరల పరీక్షించుట, ఈ నాలుగును మన పనికి అవసరము.

ఫలించిన మార్గములేవి? మొదటిది మన ముంగిటనే యున్నది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకము దేశములో 33 ప్రాజెక్టులతో ఆరంభమై, క్రమక్రమముగా విస్తరించెను. 1987-90 మధ్య హైదరాబాదు సమీపమున 15 గ్రామములలో గర్భిణీ స్త్రీలకు, చిన్న పిల్లలకు ఈ పథకము క్రింద అదనపు ఆహారము అందినది. 14 గ్రామములకు ఇంకను అందలేదు. ఆ పిల్లలు 13 నుండి 18 ఏండ్లవారైనప్పుడు పరిశోధకులు వెదకి పరీక్షింపగా, ఆహారమందిన గ్రామములవారు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తుండిరి; వారి రక్తనాళముల స్థితియు మెరుగుగా నుండెను. ఈ ఫలితములు 2008లో ప్రచురింపబడినవి. అంగన్‌వాడీలో పెట్టిన గుప్పెడు ఆహారము పదిహేనేండ్ల తరువాత కూడ సాక్ష్యమిచ్చినది.

అయితే ఆహారముతోనే బిడ్డ మనస్సు వికసించునా? ఈ ప్రశ్నకు జవాబు వెదకినవారు వెస్టిండీసు దీవులలోని జమైకాలో ఉన్నారు. 1986-87లో కింగ్‌స్టన్ పట్టణపు పేదవాడలలో గిడసబారిన 129 మంది పసిబిడ్డలను నాలుగు గుంపులుగా చేసిరి. ఒక గుంపునకు పాలపొడి ఆహారము, ఒక గుంపునకు ఆటపాటలు, ఒక గుంపునకు రెండును. నాలుగవ గుంపునకు ఈ రెండును లేవు. ఆటపాటలనగా, తర్ఫీదు పొందిన ఆరోగ్య కార్యకర్త వారమునకొకసారి ఇంటికి వచ్చి ఒక గంటసేపు కూర్చుండి, ఇంట దొరకు వస్తువులతో చేసిన ఆటబొమ్మలతో బిడ్డను ఎట్లు ఆడించవలెనో, ఎట్లు మాటలాడించవలెనో తల్లికి చూపుట. ఇట్లు రెండేండ్లు జరిగెను. ఆహారము మాత్రమే పొందినవారి తెలివితేటలలో వచ్చిన మేలు కాలక్రమమున నిలువలేదు. ఆటపాటలు పొందినవారి మేలు నిలిచినది. ఇరువది ఏండ్ల తరువాత వారి సంపాదన ఇతరులకంటె 25 శాతము అధికమని 2014లో వెల్లడియైనది.

ఈ పరిశోధన చిన్నది, పరదేశములోనిది. అక్కడి ఫలితమే ఇక్కడ అంతే కొలతలో వచ్చునని మనము వాగ్దానము చేయరాదు. అయినను దానినుండి ఒక హెచ్చరిక నేర్చుకొనవలెను. ఆ దేశములోనే ఎన్ని దినములకొకసారి ఇంటికి పోవలెనని పరీక్షించిరి. నెలకొకసారి పోగా చెప్పుకోదగిన మేలు కలుగలేదు. పక్షమునకొకసారి పోగా కొద్ది మేలు. వారము వారము పోగా స్పష్టమైన మేలు కలిగెను. మన అలవాటు ఏమి? క్రిస్మసు నాడు ఊరందరి పిల్లలకు మిఠాయి పంచి, ఫోటో తీయించుకొని, మరుసటి క్రిస్మసు వరకు మరచిపోవుట. నూరు ఇండ్లకు సంవత్సరమునకొకసారి పోవుటకంటె పది ఇండ్లకు వారము వారము పోవుట మేలు. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనవలెనని ప్రభువు నేర్పెను గదా.

"అంగన్‌వాడీ ఉన్నది, మనకెందుకు?" అని కొందరు అడుగుచున్నారు. అంగన్‌వాడీ టీచరు మూడేండ్లు దాటినవారికి పాఠము చెప్పి, ఆహారము పెట్టి, లెక్కలు వ్రాసి అలసిపోవుచున్నది. మూడేండ్లలోపు బిడ్డకు సరుకు ఇంటికి పోవుచున్నది గాని, ఆ బిడ్డను ఆడించుట చూపుటకు వారము వారము గడప తొక్కువారెవరు? ఆ ఖాళీ మన వంతు. ఆమెకు పోటీ పెట్టక, ఆమెను అడిగి, ఆమెకు తోడుగా పనిచేయుదము.

ప్రతి పాస్టరేట్‌లో ఈ విధముగా చేయవచ్చును. స్త్రీల మైత్రి నుండి ఇద్దరు ముగ్గురు ఓపికగల స్త్రీలను ఎన్నుకొని, బాగుగా తర్ఫీదు ఇప్పించి, తగిన వేతనమియ్యవలెను. ఉచిత సేవ మూడు నెలలకే వాడిపోవును. అంగన్‌వాడీ తూకపు పట్టిక చూచి, ఏ.ఎన్.ఎమ్., ఆశా కార్యకర్తల సలహాతో అధిక అవసరమున్న పది ఇండ్లతో ప్రారంభింపవలెను. బాప్తిస్మ రిజిస్టరులో పేరున్నదా లేదా అని చూడవద్దు. ఏ మతము, ఏ వాడ అని అడుగవద్దు. ఈ సేవకు ఏ షరతును కట్టరాదు. కూలికి పోవు తల్లిని నిందింపక, ఆమెకు వీలైన వేళకే పోవలెను. నాయనమ్మను, అమ్మమ్మను గూడ కూర్చుండబెట్టవలెను. చెవి వినబడని, నడక ఆలస్యమైన బిడ్డ కనబడినయెడల వెంటనే వైద్యుని యొద్దకు చేర్చవలెను. సంవత్సరాంతమున ఎత్తు, బరువు, మాటలు కొలిచి, ఇంకను మొదలుపెట్టని ఇండ్ల పిల్లలతో పోల్చి, ఉన్నది ఉన్నట్లు కమిటీకి తెలుపవలెను. మేలు కలుగనియెడల పద్ధతి మార్చుకొందము. తరువాతి వంతు మిగిలిన ఇండ్లది.

పసిబిడ్డలను ప్రభువునొద్దకు తెచ్చినప్పుడు శిష్యులు అడ్డగించిరి, ఆయన కోపపడెను. మనమెవరమును చేయిచాచి అడ్డగించుట లేదు. కాని బిడ్డకు మూడేండ్లు నిండువరకు ఆగుమనుటయు ఒక అడ్డమే. కమిటీ తీర్మానము వచ్చు ఏటికి వాయిదా పడవచ్చును; బిడ్డ పునాది దినములు వాయిదా పడవు. ఈ కోతపండుగ అర్పణలతోనే మొదటి పది ఇండ్లకు పోవుదము.

నూరేండ్లు మనలను ఎత్తుకొని మోసిన దేవుడు, ఈ చిన్నవారిని ఎత్తుకొను బలమును మన చేతులకు దయచేయును గాక. ఆమేన్.