కడుపులో కేన్సరు – లింఫు గ్రంథులు



కాలికి ముల్లు గుచ్చుకొని చీము పట్టిందనుకోండి, రెండు రోజుల్లో గజ్జల్లో బిళ్ళ కడుతుంది. పుండు పాదంలో, బిళ్ళ గజ్జలో! యీ రెంటికీ సంబంధమేమిటి? మన వొంట్లో రక్తనాళములు గాక మరొక రకం సన్నని కాలువలు గలవు. కణాల మధ్య మిగిలిన నీటిని యివి పోగుచేసి తిరిగి రక్తంలో కలుపుతాయి. ఆ నీటినే లింఫు అంటారు. దారిలో అక్కడక్కడ చిక్కుడు గింజ ఆకారంలో చిన్న గ్రంథులుంటాయి. నీరు వాటిలో వడపోతకు గురై ముందుకు సాగుతుంది. చీములోని క్రిములు అక్కడ చిక్కుకుంటే గ్రంథి వాటితో పోరాడి వాస్తుంది. మనం బిళ్ళ అనేది దానినే.

జీర్ణాశయానికి, అనగా మనం తిన్న అన్నం చేరే సంచికి కూడా యిటువంటి గ్రంథులే వున్నవి. కాకపోతే చేతికి తగలవు. జపాను సర్జనులు వీటికి నెంబర్లు వేసిపెట్టారు. ఒకటి నుంచి ఆరు వరకు సంచి వంపులను అంటిపెట్టుకొని వుండేవి. ఏడు మొదలు ఆపైవి సంచికి రక్తమిచ్చే ధమనుల వెంట, కాలేయం వైపు, ప్లీహం వైపు వుంటాయి. పదహారో నెంబరు వెన్నెముక ముందు, బృహద్ధమని పక్కన. మన తపాలావారి పిన్‌కోడు వంటిదే యీ లెక్క. ఏ నెంబరు దాకా జబ్బు చేరిందో చెబితే ఎంత దూరం ప్రయాణం చేసిందో సర్జనుకు తెలిసిపోతుంది.

కేన్సరు మొదట సంచి లోపలి పొరలో పుడుతుంది. అక్కడే వున్నంతకాలం గ్రంథులకు పాకి వుండే అవకాశం నూటికి సుమారు మూడు. దాని కింది పొరలోకి దిగితే నూటికి యిరవై వరకు పోతుంది. ఆ పొరలో లింఫు కాలువలు దట్టంగా వుండడమే కారణం. తేడా చూస్తే ఒకటి రెండు మిల్లీమీటర్లు! ఆ దశలో రోగికి పెద్దగా ఏమీ తెలియదు. నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టుండడం, కాస్త మంట, అంతే. మనవాళ్ళు దానికి గ్యాసని పేరు పెట్టి సోడాలతో, వాముతో, మందుల షాపువారిచ్చిన మాత్రలతో నెలలు గడిపేస్తారు. గ్యాసన్న ప్రతివారికీ కేన్సరుండదు, భయపడనక్కరలేదు. కాని వయసు మళ్ళినవారికి కొత్తగా అజీర్తి పట్టుకొని, బరువు తగ్గుతూ, రక్తం తగ్గి పాలిపోయి, విరేచనం తారులాగా నల్లగా వస్తూ వుంటే మాత్రం గొట్టంతో చూసే ఎండోస్కోపీ పరీక్ష వాయిదా వేయరాదు.

1881 జనవరిలో వియన్నా నగరంలో బిల్‌రోత్ అనే సర్జను కేన్సరున్న జీర్ణాశయ భాగాన్ని కోసి తీసి రోగిని బతికించారు. ప్రపంచంలో అలా గట్టెక్కిన మొదటి ఆపరేషను అదే. అయితే సుమారు నాలుగు నెలలకే జబ్బు తిరగబెట్టి ఆమె మరణించింది. గడ్డను తీసినా, అప్పటికే పాకినది లోపలే వుండిపోయింది.

మరి గ్రంథులన్నీ తీసివేస్తే సరిపోదా? యీ ప్రశ్న మీదనే హాలెండులో 1989 నుంచి 1993 వరకు రోగులను చేర్చుకొని పరీక్షించారు. 711 మందిలో కొందరికి దగ్గరి గ్రంథులు మాత్రమే, మిగిలినవారికి దూరపువి కూడా తీశారు. ఆపరేషను తర్వాత మరణాలు మొదటివారిలో నూటికి 4, రెండోవారిలో 10. అందరూ నీరుగారిపోయారు. కాని పదిహేనేళ్ళు గడిచాక, 2010లో వెలువడిన లెక్క వేరు. యీ కేన్సరుతో పోయినవారు మొదటి వర్గంలో నూటికి 48, రెండో వర్గంలో 37. మొదట్లో జరిగిన నష్టం చాలావరకు ప్లీహాన్ని, క్లోమం తోకను కూడా కోసివేయడం వల్లనే. అవసరం లేనిదే వాటి జోలికి పోకుండా గ్రంథులను తీయడమే యిప్పటి పద్ధతి. అందుకు చేయి తిరిగినవారుండాలి. కనుక యిటువంటి ఆపరేషన్లు తరచుగా జరిగే ఆసుపత్రికే పోవాలని మా అభిప్రాయం.

ఆపరేషనయ్యాక ల్యాబు రిపోర్టులో ఎన్ని గ్రంథులు పరీక్షించారో, ఎన్నింటిలో కేన్సరున్నదో అడగండి. అడగడానికి మొగమాటమెందుకు? కనీసం 16 చూడాలని నియమం. ఒకటి రెండింటిలో వుంటే ఒక దశ, మూడు నుంచి ఆరు అయితే మరొకటి, ఏడూ ఆపైన అయితే యింకొకటి. నాలుగే చూసి, జబ్బు లేదని రాస్తే దానిని నమ్మి కూర్చోలేము.

చివరిగా మెడ సంగతి. పొట్టలోని లింఫంతా ఒకే పెద్ద కాలువగా ఛాతీ గుండా పైకి పాకి ఎడమ మెడ మొదట్లో సిరలో కలుస్తుంది. అందుచేత పొట్టలోని కేన్సరు ఒక్కోసారి ఎడమ కంటె ఎముక పైన బిళ్ళగా బయటపడుతుంది. జర్మనీ దేశపు విర్షో 1848లోనే దీనిని గుర్తించారు. అక్కడిదాకా వచ్చిందంటే సాధారణంగా కోసి తీసే దశ దాటినట్టే, మందులతో చికిత్స చేస్తారు. అయితే మెడలో బిళ్ళ కనబడగానే గుండెలు బాదుకోనవసరం లేదు. మన దేశంలో గండమాల, అనగా క్షయ వల్ల వచ్చే మెడ బిళ్ళలు చాలా సామాన్యం, మందులతో నయమయ్యేవే. సన్నని సూదితో కాస్త తీసి పరీక్ష చేస్తే యే జబ్బో చాలావరకు తెలిసిపోతుంది. చాలకపోతే చిన్న ముక్క తీసి చూస్తారు.