ఒకే గంప కింది పిల్లలు



కోనసీమలో మా పెద్దమ్మగారింట్లో రెండు పెట్టలుండేవి. నాటుపెట్ట పొదుగుకు కూర్చుందంటే 21 రోజులూ ఆ గుడ్లమీదే. రోజుకో మారు దిగి, నాలుగు గింజలు తిని, మళ్ళీ ఎక్కేసేది. రెండోది తెల్ల లెగ్‌హార్న్. గుడ్డు పెట్టి, ఆ వంకైనా చూడకుండా పోయేది. "దీనికి తల్లిప్రేమే లేదర్రా!" అనేది పెద్దమ్మ. నేనూ నిజమే అనుకున్నాను.

తప్పు ఆ కోడిది కాదండీ. పెట్ట పొదుగుకు కూర్చోవాలంటే ఒంట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరగాలి. అది పెరిగితే గుడ్లు ఆగిపోతాయి. అందుకని గుడ్లకోసం పెంచేవాళ్ళు పొదుగుకు కూర్చోని పెట్టల సంతానాన్నే తరతరాలుగా ఏరి ఉంచుకున్నారు. అలా ఆ జాతిలో పొదిగే గుణం దాదాపు పోయింది. నాటుకోడి ఏడాదికి ఏభయ్యో అరవయ్యో పెడితే, లెగ్‌హార్న్ 300 దాకా పెడుతుంది.

ఇక ఒంట్లో శక్తి లెక్క, మన ఇంటి జీతం లెక్కలాంటిదే. బియ్యానికీ పాలకీ పోగా మిగిలిందే కదా చీరలకీ, సినిమాలకీ! మేతలోని శక్తి గుడ్డుకు ఎక్కువగా పోతే, తిరగడానికి మిగిలేది తక్కువ. స్వీడన్‌లో లెగ్‌హార్న్ కోళ్ళనూ, కోళ్ళన్నిటికీ మూలమైన అడవికోళ్ళనూ పోల్చి చూశారు. ఎదురుగా గింజలున్నా, పొట్టులో కలిపినవి ఏరుకోవడానికి అడవికోళ్ళే ఎక్కువ మొగ్గు చూపాయి.

మరి ఒకే తల్లి పిల్లల సంగతో? ఒకటి వడ్లు ఆరబోసిన చాపమీదికి దూకుతుంది, ఇంకొకటి గంప వదలదు. తల్లిదండ్రుల జన్యువులు పేకముక్కలు కలిపి పంచినట్టు, ఒక్కో పిల్లకు ఒక్కోలా వస్తాయి. ఊరికే కూర్చున్నా ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తి కూడా అందరికీ ఒకటి కాదు. ఖర్చెక్కువున్నది మేతకోసం తెగించి ముందుకు రావచ్చు. అన్ని జంతువుల్లోనూ ఇలాగే ఉంటుందని కాదు. మేత, భయం, పెంపకం కూడా గుణాన్ని మారుస్తాయి.

చివరికి పెద్దమ్మ లెగ్‌హార్న్ గుడ్లు తీసి నాటుపెట్ట కింద పెట్టింది. పెరట్లో పుంజు ఉంది గనక పిల్లలూ అయ్యాయి. తిట్టడం మానేసింది.

నాకే ఆలస్యమైంది. మా పెద్దవాడు చురుకు, అమ్మాయి నెమ్మది. "అన్నను చూసి నేర్చుకోవే!" అని ఎన్నిసార్లన్నానో! పిల్లలు కోళ్ళు కారు, నిజమే. కానీ ఆ మాట విన్నప్పుడల్లా అది తల దించుకునేది. ఇప్పుడు ఆ మాట అనడం మానేశాను. మీరూ ఒక్క వారం మాని చూడండి.