మందుతో పాటు పరీక్ష కూడా

 

మేము డాక్టర్లం కాదు, బడిపంతుళ్లం. మా బడిలో ఒక పిల్లవాడు మోకాలు వాచిందని తరచూ ఇంటి దగ్గరే ఉండిపోయేవాడు. సాకులు చెబుతున్నాడని మందలించాం. తర్వాత తెలిసింది, వాడికి హీమోఫీలియా అని. దెబ్బ తగలకుండానే కీలు లోపల రక్తం కారుతుందని. ఆ మందలింపు ఇప్పటికీ మమ్మల్ని బాధిస్తుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

ఈ జబ్బు కొత్తది కాదు. వెయ్యేళ్ల కిందటే అందులూసియా వైద్యుడు అల్ జహ్రావీ, చిన్న గాయానికే రక్తం ఆగక చనిపోయే మగవాళ్ల గురించి రాశారు. ఎక్కువగా తల్లి నుంచి మగపిల్లలకు వస్తుంది. మన ఇళ్లలో కొందరికి సున్తీ రోజునే బయటపడుతుంది. మేనమామల్లో ఎవరికైనా ఉంటే, సున్తీకి ముందే పరీక్ష చేయించండి.

రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఎనిమిదో ఫ్యాక్టర్ లోపిస్తే హీమోఫీలియా ఎ, తొమ్మిదోది లోపిస్తే బి. లోపించిన దాన్ని నరానికి ఎక్కిస్తారు. కిలో బరువుకు ఒక యూనిట్ ఇస్తే ఎనిమిదో ఫ్యాక్టర్ సుమారు 2 శాతం పెరుగుతుంది. 20 కిలోల పిల్లవాడికి 50 శాతం పెరగాలంటే 500 యూనిట్లు. పెద్దవాళ్లలో సుమారు 12 గంటలకు అది సగమవుతుంది, పిల్లల్లో ఇంకా త్వరగా.

ఇది కాగితం మీది లెక్క. ఒంట్లో లెక్క ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. అందుకే మందు ఎక్కించాక ఒకసారి, తర్వాతి మోతాదుకు ముందు ఒకసారి రక్తం తీసి, ఫ్యాక్టర్ ఎంత ఉందో కొలుస్తారు. 50 ఉండాల్సిన చోట 10 ఉంటే, ఒళ్లు ఆ మందుకే విరుగుడు తయారు చేసుకుంటోందేమోనని చూడాలి. దాన్ని ఇన్హిబిటర్ అంటారు. తీవ్రమైన హీమోఫీలియా ఎ ఉన్నవాళ్లలో వందకు పాతిక, ముప్పై మందికి ఇలా జరుగుతుంది. బెథెస్డా అనే పరీక్షలో ఇది తేలుతుంది. తేల్చకపోతే ఖరీదైన మందు పోస్తూనే ఉంటాం, రక్తం కారుతూనే ఉంటుంది.

ఇక్కడే మన బోనకల్ కష్టం. ఈ రక్తాన్ని సిట్రేట్ గొట్టంలో సరిగ్గా గీత వరకు తీయాలి. నాలుగు గంటల్లోపు పరీక్ష చేయాలి, లేదా ప్లాస్మాను వేరుచేసి ఫ్రీజ్ చేసి దాచాలి. ఇక్కడ సూదితో తీసి రైల్లో పంపితే ఫలితం నమ్మడానికి ఉండదు. పిల్లవాణ్నే పెద్ద ల్యాబ్ దాకా తీసుకెళ్లాలి. మందు ఉచితంగా దొరికినా, రానూపోనూ ఛార్జీలు, తోడు వెళ్లిన తండ్రి కోల్పోయే కూలీ ఎవరిస్తారు?

దాతలను మేము అడిగేది ఇదే. మందుకు ఇస్తున్నారు, సంతోషం. అందులో కొంత పరీక్షకు, దారి ఖర్చుకు విడిగా పెట్టండి. మీరిచ్చిన మందు పనిచేస్తోందో లేదో చెప్పేది ఆ పరీక్షే.

మా పిల్లవాడు మళ్లీ బడికి వస్తున్నాడు. ఇప్పుడు వాడు రాని రోజు మేము మందలించం, ఇంటికి వెళ్లి మోకాలు చూసొస్తాం.