బ్యాగు ముందా, బాబు ముందా?

నేను ఐటీ కన్సల్టెంటుని, మెకానిక్‌ని కాదు. "మీ కారు కాలిపోయిన కథ చెప్పండి" అని మన రేడియో మిత్రులు అడిగితే వచ్చాను.

2019 జూలైలో మా అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉండగా, డాలస్ నుంచి పేర్‌లాండ్ మీనాక్షి గుడికి బయలుదేరాం. ఐ-45 మీద ఫెయిర్‌ఫీల్డ్ దాటాక ఏసీలోంచి కాలిన రబ్బరు వాసన. ముందు వెళ్తున్న ట్రక్కుదేమోలే అనుకున్నాను. ఇంకో మూడు మైళ్ళకి బానెట్ అంచుల్లోంచి పొగ! షోల్డర్ మీదకి తీసి ఇంజన్ ఆపాను. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత చేసినవన్నీ తప్పులే.

ముందు బానెట్ ఎత్తబోయాను. మన ఊళ్ళో అయితే అందరం చేసేది అదే కదా! వెనకాల ఆగిన ట్రక్కు డ్రైవరు "ముట్టుకోవద్దు" అని కేకేస్తూ పరిగెత్తుకొచ్చాడు. మూత తీస్తే గాలి దూరి, మంట ఒక్కసారిగా ముఖం మీదకి లేస్తుంది. ఈలోగా మా నాన్న డిక్కీ దగ్గర నిలబడి "ఒరేయ్, పాస్‌పోర్టులు ఇందులోనే ఉన్నాయిరా!" అంటున్నారు. డిక్కీ తీసి బ్యాగు లాగాను.

మా నాలుగేళ్ళ బాబు ఇంకా కార్ సీట్లోనే ఉన్నాడు. పక్కన కూర్చున్న అమ్మకి ఆ బెల్టు విప్పడం రాదు. ఛాతీ దగ్గర ఒక క్లిప్పు, కింద బలంగా నొక్కాల్సిన ఎర్ర బటన్. రోజూ పెట్టేది, తీసేది మేమే. ఆవిడకి ఎవరూ చూపించలేదు. మా ఆవిడ అటు తలుపులోంచి దూరి వాణ్ణి విప్పి లాక్కొచ్చింది. కాసేపటికే డాష్‌బోర్డు అంటుకుంది. బ్యాగు మాత్రం వాడికంటే ముందే బయటికొచ్చింది. ఆ సంగతి ఇప్పటికీ ఇంట్లో ఎవరం ఎత్తం.

పాస్‌పోర్టు పోతే హ్యూస్టన్ కాన్సులేట్‌కి అప్లై చేసుకోవచ్చండీ. పొగ కనిపిస్తే అందరూ దిగి, ట్రాఫిక్‌కి ఎడంగా, కనీసం వంద అడుగుల దూరం వెళ్ళి 911కి ఫోన్ చెయ్యండి. హైవే నంబరు, ఏ దిక్కుగా వెళ్తున్నారో, మైల్ మార్కరు చెప్పండి. ఎలక్ట్రిక్ కారైతే ఆ మాటా చెప్పండి. ఆ బ్యాటరీ ఆరినట్టే ఆరి, గంటల తర్వాత మళ్ళీ అంటుకోవచ్చు. ఎండాకాలం ఎండుగడ్డి మీద కారు ఆపకండి, సైలెన్సర్ గొట్టం వేడికి గడ్డే అంటుకుంటుంది.

మాది పాత రూమ్మేట్ దగ్గర కొన్న సెకండ్ హ్యాండ్ కారు. నాకు అమ్మకముందే అతనికి రీకాల్ ఉత్తరం వచ్చిందట, జంక్ మెయిల్ అనుకుని పారేశాడు. నేనైనా అంతే చేసేవాణ్ణేమో. మంటకి అదే కారణమో కాదో ఇన్సూరెన్స్ వాళ్ళు తేల్చలేదు. ముందు అద్దం కింద, డ్రైవరు వైపు మూలలో 17 అక్షరాలూ అంకెలూ కలిసిన విన్ నంబరు ఉంటుంది. దాన్ని ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్లో కొడితే బాకీ ఉన్న రీకాల్స్ చూపిస్తుంది. ఆ రిపేరుకి డీలరు సాధారణంగా డబ్బు తీసుకోడు. 2023 సెప్టెంబరులో హ్యుందాయ్, కియా కలిసి దాదాపు 34 లక్షల కార్లని మంటల భయంతో రీకాల్ చేసి, బాగుచేయించేదాకా ఇంటికి దూరంగా ఆరుబయట పెట్టుకోమన్నాయి. మాది ఆ కార్లలోది కాదు లెండి.

ఇంకోటి, లయబిలిటీ ఇన్సూరెన్స్ ఒక్కటే ఉంటే కాలిన మన కారుకి పైసా రాదు. కాంప్రిహెన్సివ్ ఉండాలి. మాకు లేదు.

పోయినేడాది అమ్మ మళ్ళీ వచ్చింది. ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లోనే, ఇంకా కారు కదలకముందే, మా పాప బెల్టు రెండుసార్లు విప్పి చూసుకుంది. "ఇక పద" అంది.