కుర్రాడి తరఫున లాయరు

పామూరు మొదలు నల్లమల అంచు దోర్నాల దాకా యానాదులు, ఎరుకలు, చెంచులు ఉన్నారు. ఊళ్లో దొంగతనం జరిగితే ముందు ఎరుకల గుడిసె తలుపు తట్టడం పాత అలవాటు. తెల్లదొరల నేరస్థ తెగల చట్టం 1952కల్లా దేశమంతటా రద్దయింది. అనుమానం మాత్రం పోలేదు.

అలా పట్టుకొచ్చిన కుర్రాడి లాయరు ముందు చూసేది వయసు. బడి రికార్డులో పుట్టిన తేదీ ఉందా? లేకుంటే పంచాయతీ జనన ధ్రువపత్రం. అదీ లేకపోతేనే వైద్య పరీక్ష. బడి ముఖం చూడని పిల్లాడికి ఇక్కడే చిక్కు!

18 నిండలేదంటే 2015 బాల న్యాయ చట్టం వర్తిస్తుంది. లాకప్‌లో పెట్టకూడదు. 24 గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు తేవాలి.

మరి ఫీజు? గిరిజనులకూ పిల్లలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా 1987 న్యాయ సేవల చట్టం ఉచితంగా లాయరును ఇస్తుంది. ఫోన్ నంబరు 15100, రాసిపెట్టుకోండి.