వాన కాలవ గురించి మనం అడగాల్సింది
(వార్షిక మహాసభలో సమాఖ్య తరపున చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, లింకేజి రుణాల లెక్కలు ఇందాకే చదివారు. మేము ఈ పది నిమిషాలు కాలవల గురించి మాట్లాడతాం. వానలు మొదలయ్యేలోపు మన మున్సిపల్ కౌన్సిల్లో వాన నీటి కాలవల మీద చర్చ పెడుతున్నారు. "అది కాంట్రాక్టర్ల గొడవ, మనకెందుకు" అని మన సంఘాల్లోనే కొందరు అన్నారు. మనకెందుకో చెప్తాం.

వాన కాలవ వేరు, మురుగు వేరు. రోడ్డు మీద పడ్డ వానని చెరువుకో ఏటికో చేర్చడమే వాన కాలవ పని. మురుగుకి భూమిలో వేరే గొట్టం ఉండాలి, అది శుద్ధి చేసే చోటికి పోవాలి. మన పేటల్లో రెండూ ఒకటే. వంటింటి నీళ్లు, బాత్రూం నీళ్లు, కొన్నిచోట్ల సెప్టిక్ ట్యాంకు పొర్లిన నీళ్లు కూడా వాన కాలవలోకే. కుళాయి గొట్టాలు కూడా ఆ కాలవలోంచో, దాన్ని ఆనుకునో పోతున్నాయి.

అసలు ప్రమాదం ఇక్కడుంది. నీళ్లు వదిలినంతసేపూ గొట్టంలో ఒత్తిడి ఉంటది. చిల్లుంటే నీళ్లు బయటికి చిమ్ముతాయి. సరఫరా కట్టేశాక గొట్టం ఖాళీ అయ్యి, అదే చిల్లులోంచి బయటి మురుగుని లోపలికి లాక్కుంటది. మర్నాడు పొద్దున మొదటి బిందెలో వచ్చేది అదే. వాన పడి కాలవ నిండుగా ఉన్నరోజు మరీను. కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే ఆ లాగుడు ఇంకా పెరుగుతుంది. ఈ మాట అన్నందుకు మా వీధిలో ఇద్దరు వదినలు మాతో మాట్లాడటం మానేశారు. అయినా అంటాం.

ఒక ఇంట్లో విరేచనాలు పట్టుకుంటే ఏమవుతుందో మీకు తెలియంది కాదు. కూలి పోతుంది, సెలైను ఖర్చు అవుతుంది, ఆ నెల కిస్తీ గ్రూపు మీద పడుతుంది. మీటింగు పుస్తకంలో కిస్తీ కట్టలేదని రాస్తాం. ఎందుకు కట్టలేదో రాయడానికి అందులో గడి లేదు.

2024 సెప్టెంబరులో బుడమేరుకి గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం మునిగినప్పుడు మనం పులిహోర పొట్లాలు, నీళ్ల ప్యాకెట్లు కట్టి పంపాం. చుట్టూ నీళ్లే ఉన్నా, తాగడానికి నీళ్లు పంపమని ఫోన్లు చేశారు మనవాళ్లు. మన పేటలకి అంత వరద రానక్కర్లేదు, గంట వాన చాలు.

కౌన్సిల్లో ఒక మాట తప్పకుండా వస్తది. ఇళ్ల గొట్టాలు వాన కాలవలో కలపకూడదు, కలిపినవి మూసేయాలి అంటారు. మాట న్యాయమైందే. కానీ మన పేటలకి భూగర్భ డ్రైనేజీ రానేలేదు. గొట్టం మూసేస్తే ఆ నీళ్లు ఎక్కడికి పోవాలి? నట్టింట్లోకా? ముందు కనెక్షన్ ఇవ్వండి, దాని ఖర్చు వాయిదాల్లో కట్టించుకోండి, ఆ తర్వాత మూయండి. వాయిదాలు కట్టడం మనకి కొత్తేం కాదు. మనం వెళ్లి ఈ మాట చెప్పకపోతే అక్కడ చెప్పేవాళ్లు ఉండరు.

పూడిక సంగతీ అడగాలి. ఎండాకాలంలో తీసి గట్టున పోస్తారు, తొలకరికి మళ్లీ కాలవలోకే జారుతుంది. తీసిన మర్నాటికల్లా ఎత్తేయాలని టెండరులోనే రాయమందాం. కవర్లు ఎవరు వేస్తున్నారమ్మా అని వాళ్లూ అడుగుతారు. అడగనివ్వండి.

ఇక నీళ్ల పరీక్ష. కుళాయి నీళ్లలో క్లోరిన్ లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని ప్రమాణం. చిన్న కిట్టు ఉంటది. నీళ్లలో మందు వేస్తే రంగు వస్తది, దాన్ని కిట్టు మీది రంగులతో పోల్చి చూడటమే. పదో తరగతి కూడా అక్కర్లేదు. కాకపోతే ట్యాంకు దగ్గర కాదు, గొట్టం చివరి ఇంట్లో చూడాలి. ఒడిశాలోని పూరీలో 2021 నుంచి రోజంతా కుళాయి నీళ్లు నేరుగా తాగేట్టు ఇస్తున్నారు. అక్కడ మనలాంటి సంఘాల ఆడవాళ్లే 'జలసాథి' పేరుతో ఇంటింటికీ తిరిగి నీళ్లు పరీక్షిస్తారు, బిల్లులు వసూలు చేస్తారు, దానికి డబ్బులొస్తాయి. అమృత్ 2.0 పథకంలో మన సంఘాలకి కూడా ఇలాంటి పని ఇవ్వొచ్చు. అడుగుదాం. ఊరికే చేస్తామని మాత్రం ఎవరూ నోరు జారకండి.

కౌన్సిల్ సమావేశంలో మనం లేచి మాట్లాడే వీలు లేదు, కౌన్సిలరు ద్వారానే అడిగించాలి. మన రాష్ట్రంలో సగం సీట్లు ఆడవాళ్లవే కాబట్టి, వాళ్లతో నేరుగా మాట్లాడటానికి మొహమాటం అక్కర్లేదు. వచ్చే సోమవారం కాగితం ఇవ్వడానికి వెళ్తున్నాం. ప్రతి సంఘం నుంచి ఇద్దరు రావాలి. ఆ పొద్దున కుళాయి వదలగానే వచ్చిన నీళ్లు ఒక గాజు సీసాలో, పది నిమిషాలయ్యాక వచ్చినవి ఇంకో సీసాలో పట్టండి. సీసాల మీద వీధి పేరు, టైము రాసి, మూతలు గట్టిగా బిగించి తీసుకురండి.