కవరు మీద పేరు కాదు, తపాలా ముద్ర చూడండి
(సూరత్‌లో మన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజనీరుని కాను. ఇంటర్ చదివి ఫౌజులో చేరి, సుబేదారుగా పెన్షన్ వచ్చినవాణ్ణి. వైరస్ మెయిల్ వస్తే డిలీట్ చేసి ఊరుకుంటే చాలదా అని చాలామంది అడుగుతారు. మన కంప్యూటరు వరకు చాలు. కానీ పంపే కంప్యూటరు ఆగదు గదా! సెంట్రీ తన పోస్టు దగ్గరకు వచ్చినవాణ్ణి తరిమేస్తే డ్యూటీ అయిపోదు, పైకి రిపోర్టు కూడా ఇవ్వాలి.

ఇక్కడి బట్టల మార్కెట్లో పని చేసే మన మాజీ సైనిక సోదరుడొకరి పేరుతో, పెన్షన్ బకాయిల ఫారం అంటూ మన సభ్యులకు మెయిల్స్ వచ్చాయి. ఫారంలో వైరస్ ఉంది. నలుగురు ఆయనతో మాట్లాడ్డం మానేశారు. సంఘంలోంచి తీసెయ్యమన్నవారు కూడా ఉన్నారు. ఇరవై ఏళ్ళకు పైగా వర్దీ వేసుకున్న మనిషికి అంతకంటే అవమానం ఏముంటుంది? తీరా పరిశీలిస్తే ఆ మెయిల్ ఆయన కంప్యూటరు నుంచి గాని, ఆయన కనెక్షన్ నుంచి గాని రాలేదు.

ఇది కొత్త ఎత్తు కాదు. 2001–02లో క్లెజ్, 2003 ఆగస్టులో సోబిగ్-ఎఫ్, 2004 జనవరిలో మైడూమ్ అనే వైరస్‌లు ఇదే పని చేశాయి. ఒకరి కంప్యూటరులో దూరి, అందులో దొరికిన చిరునామాల్లో ఒకదాన్ని పంపినవారి పేరుగా పెట్టి, మిగతావాళ్ళకు పంపేవి. జబ్బు ఒకరిది, నింద ఇంకొకరిది.

మనకు 56 ఏపీఓ ఉత్తరాలు తెలుసు. కవరు మీద పంపినవారి పేరు ఎవరైనా రాయొచ్చు. ముద్ర మాత్రం పోస్టాఫీసు వాళ్ళు వేస్తారు. మెయిల్‌కి కూడా అలాంటి ముద్రలున్నాయి. వాటిని హెడర్ అంటారు. జీమెయిల్ అయితే కంప్యూటరు మీద మెయిల్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి, 'షో ఒరిజినల్' అంటే కనపడుతుంది. అటాచ్‌మెంట్ మాత్రం ముట్టుకోవద్దు. 'రిసీవ్డ్' అనే వరసలు కింది నుంచి పైకి పేరుకుంటాయి. కింది వరసలు దొంగవి కావచ్చు. మన మెయిల్ సంస్థ బయటి నుంచి అందుకున్నప్పుడు వేసిన వరసనే నమ్మాలి. అందులోని ఐపీ నంబరే మనకు ఆధారం. 10తో గాని, 192.168తో గాని మొదలైతే అది లోపలి నంబరు, పనికిరాదు.

ఆ నంబరు ఏ కంపెనీదో 'హూఈజ్' అనే రిజిస్టరులో వెతకొచ్చు. ఆసియా నంబర్ల లెక్క ఏపీనిక్ దగ్గరుంటుంది. ఫిర్యాదులకు 'అబ్యూజ్' అనే పేరుతో ఒక చిరునామా పెట్టాలని ఇంటర్నెట్ నియమాల్లో 1997లోనే రాశారు. దానికి పూర్తి హెడర్ పంపండి. తేదీ, టైము, +0530 లాంటి టైము గుర్తు అందులో ఉండాలి. ఎందుకంటే ఒకే నంబరు పొద్దున ఒకరిదీ, సాయంత్రం ఇంకొకరిదీ కావచ్చు. రిపోర్టు నాలుగు ముక్కల్లో ఉండాలి, తిట్లు వద్దు. వైరస్ ఫైలు వాళ్ళు అడిగితే తప్ప పంపకండి. నకలు మన దేశపు సెర్ట్-ఇన్‌కు కూడా పంపండి. అది 2004 జనవరి నుంచి పనిచేస్తోంది. డబ్బు పోయిందా, ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి.

మన సోదరుడి విషయంలో అలాగే రాశాం. ఫిర్యాదు అందిందని ఒక్క ముక్క జవాబు వచ్చింది. కస్టమరు పేరు వాళ్ళు మనకు చెప్పరు, చెప్పకూడదు కూడా. అతను కూడా వైరస్ బారిన పడ్డ అమాయకుడే కావచ్చు. కంపెనీ హెచ్చరిస్తే అతని కంప్యూటరు బాగుపడుతుంది. ఒకవేళ కావాలని చేసినవాడైతే 2000 నాటి ఐటీ చట్టంలో 43, 66 సెక్షన్లున్నాయి, మూడేళ్ళ దాకా శిక్ష. అది పోలీసులు, కోర్టులు చూసుకునే పని.

ఇప్పుడు దొంగ మెయిల్స్ తప్పుల్లేని తెలుగులోనే వస్తున్నాయి, పెన్షన్ పేరు, ఆఫీసు గుర్తు పెట్టుకుని మరీ. కాబట్టి నా మనవి ఒక్కటే. సోదరుడి పేరు చూసి మెయిల్ తెరవకండి, ఆ పేరు చూసే సోదరుణ్ణి దోషిని చెయ్యకండి. ముందు ముద్ర చూడండి, తరువాత రిపోర్టు ఇవ్వండి.

జై హింద్.